చెంచా నిలబడే సూపు

నెదర్లాండ్స్‌లో స్నెర్ట్ అని వాడుకగా పిలిచే బఠానీ సూపు కుదిరిందో లేదో రుచి చూడకముందే తేల్చే పరీక్ష ఒకటుంది: గిన్నె నడుమ గుచ్చిన చెంచా ఒరగకుండా నిలవాలి. అంత చిక్కదనం వండిన పూట రాదు; పొట్టు తీసిన ఎండు పచ్చబఠానీ బద్దలు ఉడికి చితికినప్పుడు వెలువడే పిండిపదార్థం చల్లారేకొద్దీ గట్టిపడుతుంది కనుక, నేడు వండి రేపు వేడిచేసుకుని తినడమే అక్కడి ఇళ్లలో మేలనుకునే పద్ధతి.

అరకిలో బద్దలకు రెండు లీటర్ల నీరు పోసి, పంది కాలు, పక్కటెముకలు వేసి, పైకి తేలే తెట్టు తీసేస్తూ సన్నని సెగ మీద ఉడికిస్తారు. పప్పు మెదిగే వేళకు లీక్ అనే ఉల్లిజాతి కాడ, క్యారెట్, బంగాళాదుంప, సెలెరియాక్ అనే సెలెరీ జాతి దుంప ముక్కలుగా చేర్చి, ఎముకల నుంచి ఊడిన మాంసాన్ని మళ్లీ కలిపి, చివరగా రూక్‌వోర్స్ట్ అనే పొగవాసన సాసేజ్‌ను చక్రాలుగా కోసి వేస్తారు. పక్కన రై ధాన్యపు నల్లరొట్టె ఉండవలసిందే.

ఈ కుండలో బంగాళాదుంప కొత్త చుట్టం. కరోలస్ క్లూసియస్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1593లో లైడెన్ విశ్వవిద్యాలయానికి వచ్చేనాటికి అది ఐరోపాలో అపురూపమైన తోటమొక్క మాత్రమే; సామాన్యుల వంటింట్లో స్థిరపడటానికి 18వ శతాబ్దం దాకా పట్టింది. స్నెర్ట్‌కు దాయాది అనదగిన హుట్స్‌పొట్ కథ ఇందుకే వింతగా తోస్తుంది. 1574 అక్టోబరు 3న స్పెయిన్ సైన్యం లైడెన్ ముట్టడిని విడిచి పారిపోగా, ఖాళీ శిబిరంలో ఒక అనాథ బాలుడికి మాంసం, దుంపలు కలిపి వండిన కుండ దొరికిందని ఐతిహ్యం. ఆ కుండేనని చెప్పే పాత్ర నేటికీ ఆ ఊరి లాకెన్‌హాల్ మ్యూజియంలో ఉంది. ఏటా ఆ తేదీన లైడెన్ వాసులు స్మారకంగా వండే హుట్స్‌పొట్‌లో బంగాళాదుంపే ప్రధానం కాగా, అసలు కుండలో అది ఉండే అవకాశమే లేదు.

బఠానీ మాత్రం ఎప్పటి నుంచో ఉంది. 1602లో ఏర్పడి, కొద్ది ఏళ్లలోనే అద్దకపు వస్త్రాల కోసం మచిలీపట్నంలో వర్తకస్థానం తెరిచిన డచ్ ఈస్టిండియా కంపెనీ ఓడలలో, చెడిపోని ఎండు బఠానీ, ఉప్పు మాంసం నావికుల నిత్యాహారం. తాజా కూరలు లేక వాళ్లకు స్కర్వీ వ్యాధి వచ్చేదన్నది కూడా ఆ భోజనపు చరిత్రలో భాగమే. అదే కాలంలో కాంపెన్‌కు చెందిన మూగ చిత్రకారుడు హెండ్రిక్ అవెర్‌కాంప్ గడ్డకట్టిన కాలువల మీద స్కేటింగ్ చేసే జనాన్ని పదేపదే చిత్రించాడు. మంచు మీది అంగళ్లలో ఆనాడు అమ్మిన వేడి పానీయం బీరు, గుడ్లు, మసాలాలతో కాచినది. ఇప్పుడు అక్కడ బఠానీ సూపు అమ్ముతారు.

తరువాతి శతాబ్దాలలో చెప్పుకోదగినది పంది. పాత డచ్ పంచాంగంలో నవంబరును వధ మాసం అనేవారు. శీతకాలానికి ముందు పందిని కోసి, మంచి మాంసం ఉప్పులో దాచగా మిగిలిన కాళ్లూ చెవులూ సూపుకు దక్కేవి. ఏదీ పారేయని ఆ పొదుపు పోవడం, వంటకానికి జరిగిన అసలు నష్టం. పోయిన రెండోది మంచు: ఫ్రీస్లాండ్‌లోని పదకొండు పట్టణాలను కలుపుతూ గడ్డకట్టిన కాలువలపై సుమారు 200 కిలోమీటర్లు సాగే స్కేటింగ్ పోటీ 1997 జనవరి 4 తరువాత మళ్లీ జరగలేదు. సూపు మాత్రం డబ్బాలలో ఏడాది పొడుగునా దొరుకుతోంది.