మజిలీకో కథ

పంతులుగారికీ మాయల ఫకీరుకీ చుట్టరికమేమిటని నవ్వకండి. మాంత్రికుల కథలంటే చెవి కోసుకునే పంతుళ్ళు లోకంలో చాలామందే ఉన్నారు. ‘హాబిట్’ రాసిన టోల్కీన్ ఆక్స్‌ఫర్డులో ప్రొఫెసరు. పరీక్ష పేపర్లు దిద్దుతూ దిద్దుతూ, ఎవరో తెల్లగా వదిలేసిన పేజీ మీద ఆ కథ మొదటి వాక్యం రాసుకున్నాడాయన. పుస్తకం 1937లో వచ్చింది. హారీ పాటరును సృష్టించిన రౌలింగ్ కూడా కొన్నాళ్ళు పోర్చుగల్‌లో ఇంగ్లీషు పాఠాలు చెప్పినావిడే.

మన తెలుగులో అయితే అసలు కథంతా గురుశిష్యుల ప్రయాణమే! కాశీమజిలీ కథలు రాసిన మధిర సుబ్బన్న దీక్షితులుగారు 1868లో పుట్టి 1928లో పోయారు. ఆయన కథలు పన్నెండు భాగాలు. మణిసిద్ధుడనే యతికి కాశీకి కాలినడకన వెళ్ళాలని కోరిక. తోడు వచ్చేవాళ్ళు లేరు. చివరికి పశువులు కాసుకునే ఓ కుర్రాడు సరేనన్నాడు, కాని ఒక షరతు పెట్టాడు. దారిలో వింత ఏది కనబడినా తను అడుగుతాడు, మజిలీ చేరాక గురువుగారు దాని కథ చెప్పాలి. చెప్పలేదా, కుర్రాడు వెనక్కి ఇంటికే!

చూశారా, ఇక్కడ శిష్యుణ్ణి నడిపించేది బెత్తం కాదు, కథ.

ఆ కథల చలవే 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’. ఆ తరవాత 1954లో చందమామలో దాసరి సుబ్రహ్మణ్యంగారి ‘తోకచుక్క’ మొదలైంది. వచ్చేనెల సంచిక కోసం ఇంటిల్లిపాదీ ఎదురుచూసిన రోజులవి.

మరి ఇప్పుడో? హారీ పాటరు మొదటి పుస్తకం 1997లో వచ్చింది. మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచింది 1998లో. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే ఈడు! ఆ చుట్టుపక్కల అపార్టుమెంట్లలో పెరిగే పిల్లలు ఇంత లావు ఇంగ్లీషు నవలలు అన్నం మానేసి చదువుతారు. తెలుగు వాచకం తీయమంటే మాత్రం ఆవులింతలు. తెలంగాణలో బడులన్నిటా తెలుగు చెప్పి తీరాలని 2018లో చట్టం చేశారు, మంచిదే. కాని పిల్లవాణ్ణి తెలుగు క్లాసులో కూర్చోబెట్టడం వరకే చట్టం పని. పుస్తకం మీద ఇష్టం పుట్టించడం పంతులమ్మ పని.

అదేమంత బ్రహ్మవిద్య కాదండీ. ఆవిడ కూడా ఆ హారీ పాటరు చదివి ఉంటే చాలు. “వోల్డెమార్ట్ తన ప్రాణాన్ని ముక్కలు చేసి వస్తువుల్లో దాచుకున్నాడు కదర్రా! మన మాయల ఫకీరు ఎక్కడ దాచుకున్నాడో తెలుసా?” అని అడిగి చూడమనండి. ఏడు సముద్రాల అవతలి చిలక క్లాసులో వాలుతుంది. బాలనాగమ్మ కథ ఏ పుస్తకంలో ఉందని పిల్లలే అడుగుతారు.

ఇంట్లో మొదటి పంతులమ్మలం మనమేగా. ఆఫీసునించి ఎంత అలిసి వచ్చినా, పిల్లవాడి చేతిలో నవల కనబడగానే “మార్కులొస్తాయా?” అనకండి. “ఎంతవరకు వచ్చింది కథ?” అనండి. 2020లో కట్టిన తీగల వంతెన మీదుగా దుర్గం చెరువు దాటుతున్నప్పుడు, ఒకప్పుడు గోలకొండ కోటకు నీళ్ళు ఇక్కణ్ణించే వెళ్ళేవని చెప్పండి. బండరాళ్ళ నడుమ దాగిన చెరువు, అవతల కోట! తరువాయి కథ వాడే అడుగుతాడు.