చావులేని యజమాని

అమెరికాలో ఇల్లు కొని, ఇద్దరు పిల్లలు పుట్టాక, మనవాళ్ళ పార్టీల్లో ఎవరో ఒకరు "లివింగ్ ట్రస్ట్ రాయించారా?" అని అడగడం మామూలే. ఇదేదో కోటీశ్వరుల వ్యవహారం అనిపిస్తుంది గానీ, దీని పుట్టుక చూస్తే ఒక మామూలు తండ్రి భయం కనిపిస్తుంది. నేను పోతే ఈ పసివాళ్ళ పొలం ఎవరి పాలవుతుంది?

మధ్యయుగపు ఇంగ్లండులో ఆ భయం దొంగల వల్ల కాదు, ప్రభువుల వల్ల. సైనిక సేవ షరతు మీద భూమి అనుభవిస్తున్నవాడు మైనరు కొడుకుని వదిలి చనిపోయాడనుకోండి. ఆ కుర్రాడికి 21 ఏళ్ళు వచ్చేదాకా పొలం మీద రాబడి పై ప్రభువుది. వాడికి పెళ్ళి కుదిర్చే హక్కూ ఆయనదే, పైగా ఆ హక్కుని ఇంకొకరికి అమ్ముకోవచ్చు కూడా! పోనీ వీలునామా రాద్దామంటే, కొన్ని ఊళ్ళ ఆచారాలు మినహాయిస్తే, భూమికి వీలునామా చెల్లదు. అంతా పెద్దకొడుక్కే. రెండోవాడూ, ఆడపిల్లలూ చూస్తూ కూర్చోవలసిందే.

ఈ తిప్పలన్నీ యజమాని చనిపోవడంతో మొదలవుతాయి కదా, మరి యజమాని చావకుండా చూసుకుంటే? అదే చేశారు. బతికుండగానే భూమిని నలుగురైదుగురు నమ్మకస్తుల పేర ఉమ్మడిగా పెట్టేవారు. పేరు వాళ్ళది, ఫలం మాత్రం తనది, తన తర్వాత తను చెప్పినవాళ్ళది. ఆ నలుగురిలో ఒకడు పోతే హక్కు మిగతావాళ్ళకి దక్కుతుంది. సంఖ్య తగ్గితే కొత్తవాళ్ళని చేర్చుకోవచ్చు. ప్రభువు కాచుకు కూర్చున్న చావు ఎప్పటికీ రాదన్నమాట! దీన్ని 'యూజ్' అనేవారు. సొంత ఆస్తి ఉండకూడదని వ్రతం పట్టి 1224లో ఇంగ్లండుకి వచ్చిన ఫ్రాన్సిస్కన్ సన్యాసులకీ ఈ పద్ధతే అక్కరకొచ్చింది. మఠం వేరేవాళ్ళ పేర, నివాసం వీళ్ళది.

మరి ఆ నమ్మకస్తులే పొలం మింగేస్తే? మామూలు కోర్టులు పేరు చూసి పొలం వాళ్ళదే అనేవి. అప్పుడు రాజుగారి ఛాన్సలర్ దగ్గర మొర పెట్టుకోవాలి. ఆయన చాలాసార్లు బిషప్పే. భూమి ఎవరి పేర ఉందన్నది కాదు, ఇచ్చిన మాట ఏమైందన్నది ఆయన లెక్క. మాట తప్పినవాణ్ణి జైల్లో పెట్టించగలడు. పదిహేనో శతాబ్దానికి ఇది స్థిరపడిపోయింది.

రాబడి పోతుంటే ఏ రాజు ఊరుకుంటాడు? ఎనిమిదో హెన్రీ 1536లో చట్టం తెచ్చి, ఫలం ఎవరిదైతే యజమాని వాడే పొమ్మన్నాడు. భూస్వాములు భగ్గుమన్నారు. ఆ ఏడాది ఉత్తరాన లేచిన తిరుగుబాటు డిమాండ్లలో ఇదీ ఒకటి. 1540లో రాజు కొంత దిగివచ్చి, సైనిక సేవ భూముల్లో మూడింట రెండు వంతులు వీలునామాతో ఇచ్చుకోనిచ్చాడు. ఈలోగా లాయర్లు ఆ చట్టంలో కన్నాలు వెతకనే వెతికారు. ఫలితం ఒకరిదని రాసి, దాని మీద ఇంకొకరి ఫలితం పెట్టారు. పదిహేడో శతాబ్దంలో ఛాన్సరీ కోర్టు ఆ రెండోదాన్ని గుర్తించింది. దాని పేరే ట్రస్ట్.

చదువుతుంటే నాకు తట్టిందేమిటంటే, ఇంగ్లీషువాళ్ళు ఇంత కష్టపడి తయారు చేసుకున్న చావులేని యజమాని మన ఊళ్ళో ముందునుంచీ ఉన్నాడు. తెలుగుదేశంలో నడిచింది మితాక్షర. ఉమ్మడి ఆస్తిలో కొడుక్కి పుట్టుకతోనే హక్కు. ఒకరు పోతే వాటా మిగతావాళ్ళలో కలిసిపోతుంది. కర్త మారతాడు, కుటుంబం మాత్రం చావదు. ఇక ట్రస్టు ఎవరికి కావాలి? బెంగాల్లో దాయభాగం కాబట్టి తండ్రి తన ఆస్తిని ఇష్టమొచ్చినట్టు ఇవ్వగలడు. 1868లో పోయిన ప్రసన్నకుమార్ టాగోర్, క్రైస్తవుడైన కొడుకుని కాదని, ఆస్తిని ట్రస్టీలకి అప్పగించి, ముందు జతీంద్రమోహన్‌కి, ఆ తర్వాత ఇంకా పుట్టని మగ సంతానానికి తరతరాలుగా చెందాలని రాశాడు. 1872లో ప్రీవీ కౌన్సిల్ జతీంద్రమోహన్ బతికినంతకాలం చెల్లుతుంది, పుట్టనివాళ్ళకి చెల్లదంది. నేరుగా చేయకూడనిది ట్రస్టు చాటున కూడా చేయకూడదన్నమాట. కాదన్న కొడుక్కే చివరికి వారసుడిగా హక్కు మిగిలింది. 1882 ట్రస్టుల చట్టం కూడా ఉమ్మడి కుటుంబ సభ్యుల మధ్య సంబంధాల జోలికి పోలేదు.

మన చావులేని యజమానిని మరీ మెచ్చుకోనక్కర్లేదు లెండి. 1937 దాకా ఉమ్మడి కుటుంబంలో వితంతువుకి దక్కింది మనోవర్తే. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళికాని ఆడపిల్లలకి పుట్టుకతో వాటా 1985 నుంచి వర్తించింది. దేశమంతటా కూతుళ్ళకి 2005లో.

ఇక్కడ అమెరికాలో ఆ ఉమ్మడి కుటుంబం లేదు కాబట్టి కాగితం మీద కట్టుకుంటున్నాం. రద్దు చేసుకోగల లివింగ్ ట్రస్టులో బతికున్నంతకాలం ట్రస్టీవి నువ్వే. పోయాక నువ్వు ముందే చెప్పిన మనిషి ఆ స్థానంలోకి వస్తారు. ప్రొబేట్ కోర్టు తతంగం తప్పుతుంది (ఎస్టేట్ పన్ను తప్పుతుందనుకునేవాళ్ళున్నారు, దీనంతట ఇది తప్పించదు). చిక్కల్లా ఏమిటంటే, చాలామంది సంతకాలు పెట్టి ఆ లావుపాటి ఫైలు బీరువాలో దాస్తారు, ఇంటి డీడ్ మాత్రం సొంత పేరనే ఉంచేస్తారు. అలాంటి ఇల్లు ట్రస్టులోకి చేరనట్టే, చాలాసార్లు ప్రొబేట్‌కే పోతుంది. ఆ కాలపు భూస్వామి అయితే నమ్మకస్తుల్ని పొలానికి తీసుకెళ్ళి, సాక్షుల ముందు మట్టిగడ్డ తీసి చేతిలో పెట్టేవాడు.