పారిస్‌లో అరిస్టాటిల్: నిషేధం నుంచి పాఠ్యక్రమం దాకా

మధ్యయుగ ఐరోపా అనగానే మనకు రెండు మాటలు నోటికొస్తాయి. చర్చి చదువును చెరపట్టిందన్నది ఒకటి. 1453లో కాన్‌స్టాంటినోపుల్ టర్కుల చేతికి చిక్కాక గ్రీకు పండితులు ఇటలీ చేరి జ్ఞానదీపం వెలిగించారన్నది రెండోది. రెండో మాట తేదీ దగ్గరే తేలిపోతుంది. టొలెడోలో కూర్చుని అరబ్బీ నుంచి డెబ్బై దాకా గ్రంథాలను లాటిన్‌లోకి తెచ్చిన క్రెమోనా గెరార్డ్ 1187లోనే చనిపోయాడు.

చిక్కంతా మొదటి మాటతోనే. అరిస్టాటిల్ ప్రకృతిశాస్త్ర గ్రంథాలను పారిస్‌లో బోధిస్తే వెలివేస్తామని 1210లో మతాధికారుల సభ శాసించింది. 1215లో ఆ నిషేధాన్ని మళ్లీ చాటారు. అయితే తర్కగ్రంథాల జోలికి పోలేదు. వేరే ఊళ్లకు ఆ ఆంక్ష వర్తించలేదు. 1229లో కొత్తగా పెట్టిన టూలూజ్ విశ్వవిద్యాలయం, పారిస్‌లో నిషేధించిన పుస్తకాలను తమ దగ్గర వినవచ్చని చాటుకుంది. మతవిరోధులను అణచడానికి పెట్టిన విద్యాలయమది!

అదే ఏడాది పారిస్‌లో మద్యం కొట్టు దగ్గర మొదలైన గొడవ ముదిరి, రాజభటుల చేతుల్లో విద్యార్థులు చనిపోయారు. ఆచార్యులు పాఠాలు ఆపి ఊరు వదిలారు. రెండేళ్లకు, 1231లో, పోప్ తొమ్మిదో గ్రెగరీ దిగివచ్చి, అన్యాయం జరిగితే పదిహేను రోజుల్లో పరిష్కారం దొరక్కపోతే పాఠాలు ఆపే హక్కును రాసిచ్చాడు. నిషిద్ధ గ్రంథాలను మాత్రం పరిశీలించి, దోషాలు తీసేశాకే చదవాలన్నాడు. ఆ ప్రక్షాళన ఎన్నటికీ పూర్తికాలేదు. 1255లో ఆచార్యుల సంఘమే ఆ పుస్తకాలను పాఠ్యక్రమంలో పెట్టింది.

నిషేధాన్ని ఓడించింది తత్వవాదం కన్నా సంఘబలమేనని నా అభిప్రాయం. అది ఒక్కటే కారణమనను. చదువుకున్న వేదాంతులు పోప్‌కూ కావాలి. స్థానిక బిషప్ మీద పట్టూ కావాలి.

అయినా 1277లో పారిస్ బిషప్ తాంపియే, ఎక్కువగా అరిస్టాటిల్ బోధన చుట్టూ పుట్టిన 219 ప్రతిపాదనలను ఖండించాడు. ఆధునిక విజ్ఞానం అక్కడే పుట్టిందని విజ్ఞానశాస్త్ర చరిత్రకారుడు పియేర్ డ్యూయెమ్ అన్నాడు. ఆ దెబ్బతో అరిస్టాటిల్‌ను దాటి ఆలోచించే చోటు కొంత దొరికిందంటే ఒప్పుకోవచ్చు. పుట్టుక తేదీగా మాత్రం నిలవదు. 1325లో అప్పటి పారిస్ బిషప్పే ఆ ఖండనను వేదాంతి థామస్ అక్వినాస్‌కు తగిలినంత మేరకు రద్దు చేశాడు.

విశ్వవిద్యాలయం చర్చి ఇచ్చిన కానుకే అనే వాదన ఈమధ్య బలపడుతోంది. కానీ పాఠాలు ఆపే హక్కిచ్చిన ఆ పోప్ గ్రెగరీయే 1239లో యూదుల మతగ్రంథమైన తాల్ముడ్ ప్రతులను జప్తు చేయమన్నాడు. 1242లో పారిస్‌లో వాటిని బండ్లకొద్దీ తగలబెట్టారు. 1248లో తాల్ముడ్‌ను ఖండించిన తీర్పుకు విశ్వవిద్యాలయ ఆచార్యులే సమ్మతి తెలిపారు. ఆ తరగతి గదుల్లో స్త్రీలకు చోటే లేదు. ఇవన్నీ దాటేసి చెప్పే కొత్త కథను, పాత చీకటి యుగపు కథను ఎంత నమ్మలేనో అంతే నమ్మలేను.