పాత గ్రామఫోను ప్లేట్లను వినుట



మన గ్రామములలోని పాత లోగిళ్ల అటకలపై నేటికిని నల్లని గ్రామఫోను ప్లేట్లు దొరకుచున్నవి. వానిని విని కొందఱు, ఆ కాలపువారి గొంతు లింత సన్ననివా, అంత తొందరగా పాడిరేమి యని నవ్వుదురు. ఆ నవ్వు గాయకునకు జేయు అన్యాయమని నా మనవి. తఱచుగా దోషము ప్లేటును త్రిప్పినవానిది.

అమెరికాలో ఎడిసను 1877లో ధ్వనిని తగరపు రేకుపై గీయించి మరల పలికించెను. 1887లో బెర్లినరు గుండ్రని పలక పద్ధతిని కనిపెట్టెను. 1902 నవంబరులో గైస్‌బర్గు కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ పాటను పట్టెను. ఆ పలకలు అచ్చుపడినది జర్మనీలోని హనోవరులో. ప్లేటునకు ముఖ్యద్రవ్యమగు లక్క మాత్రము చాలవఱకు మనదేశమునుండియే పోయెడిది. మన చెట్లపై పురుగు పెట్టిన లక్క సముద్రము దాటి, మన పాటను మోసికొని తిరిగివచ్చెనన్నమాట!

ఆ లక్కలో మెత్తని ఱాతిపొడిని కలిపెడివారు. గాడిలో నడచు ఉక్కుసూది మొనను ఆ పొడి అరగదీసి, గాడికి సరిపడు రూపమునకు దెచ్చును. ఒక ప్రక్క ముగియునప్పటికి మొనకు పదునైన అంచులు తేలును. దానినే రెండవమాఱు పెట్టినచో ఇక నరుగునది పాటయే. కావుననే ప్రక్క కొక క్రొత్త సూది యను నియమ మేర్పడెను. మా తాతగారు వాడిన సూదులను వేఱొక డబ్బీలో వేసి పిల్లల కందకుండ దాచెడివారు. ఆయన ప్లేట్లు నా యౌవనమున గూడ స్పష్టముగా పలికెను. సూదుల ఖర్చు మిగిల్చిన యిండ్లలోని ప్లేట్లు బుసకొట్టుచున్నవి.

ఇక వేగము. నిమిషమునకు 78 చుట్లను లెక్క, 1925లో మైక్రోఫోనుతో పాట పట్టు విద్యుత్పద్ధతి వచ్చిన పిమ్మటనే స్థిరపడెను. అంతకుముందు కొన్ని ప్లేట్లు తక్కువగను, కొన్ని హెచ్చుగను తిరిగెడివి. 74 చుట్లతో పట్టిన పాటను 78తో త్రిప్పినచో శ్రుతి ఇంచుమించు ఒక స్వరస్థానము పైకి పోవును. నిండైన పురుషగాత్రము పలుచబడును, లయ పరుగెత్తును. ప్లేటు క్రింద చిన్న కాగితపు ముక్కను పొడుచుకొనివచ్చునట్లు పెట్టి, గడియారము జూచి చుట్లు లెక్కింపవచ్చును. పాటలో హార్మోనియ మున్నచో మఱియు సులభము. మన హార్మోనియముతో పోల్చునప్పుడు ఆధారషడ్జము రెండు మెట్ల నడుమ చిక్కినచో వేగమును శంకింపవలెను. పెట్టెలోని వేగపుమరను కొంచెము కొంచెముగా దిద్ది చూడవలెను.

తొందరకు వేఱొక కారణమును గలదు. పదియంగుళముల ప్లేటు ఒక ప్రక్క పలుకునది మూడు నిమిషములు మాత్రమే. వన్సుమోరులతో రంగస్థలముపై యథేచ్ఛగా సాగిన పద్యరాగము దానిలో నొదుగవలసివచ్చెను. సంగీతము చెడెనని వాపోయిన విద్వాంసులు గలరు. సాగదీతకే రాగమని పేరు పెట్టినవారికి ఆ కట్టడి మేలే చేసెనని నా తలంపు. ఆలాపనలో నిజముగా ఘనులైనవారికి మాత్రము అన్యాయమే జరిగెను.

1948లో అమెరికాలో వెలువడిన దీర్ఘవాదన ప్లేట్ల గాడి మిక్కిలి సన్ననిది. దాని సూదిని పాత ప్లేటుపై పెట్టినచో అడుగున దిగి దుమ్మునే పలికించును. విద్యుద్యంత్రమునకైనను 78 చుట్ల ప్లేటునకు తగిన లావు సూదిని అడిగి తెచ్చుకొనవలెను. మాసిన ప్లేటును స్పిరిటుతో తుడువరాదు, లక్క కరగును. మెత్తని పొడిగుడ్డతో గాడివెంబడి తుడిచి, నిలువుగా నుంచవలెను. ఒకదానిపై నొకటి పేర్చినచో వేసవిలో వంగిపోవును.