చెడు (తత్త్వశాస్త్రం)

చెడుకు సొంత ఉనికి ఉందా, లేక అది చూసేవారి దృష్టిలోనే ఉందా అన్నది తత్త్వశాస్త్రంలో పాత వివాదం. 3వ శతాబ్దంలో మానీ స్థాపించిన మతం వెలుగు, చీకటి రెండూ అనాది శక్తులేనంది. యవ్వనంలో ఏళ్లతరబడి ఆ మతాన్ని అనుసరించిన క్రైస్తవ తత్త్వవేత్త అగస్టీన్ (354–430) తర్వాత దాన్ని ఖండించాడు. చెడు ఒక పదార్థం కాదు, ఉండాల్సిన మంచి లోపించడమే అన్నాడు. గాయం మానినప్పుడు అది మరోచోటికి తరలిపోదు, లేకుండా పోతుంది అన్నది ఆయన చూపిన ఉదాహరణ. వాదన పదునైనదే గానీ, చిత్రహింసను ‘లోపం’ అంటే బాధితుడికి మింగుడుపడదు.

తత్త్వవేత్త స్పినోజా మరణానంతరం 1677లో వెలువడిన ‘ఎథిక్స్’ ప్రకారం మంచిచెడులు వస్తువుల్లో లేవు. అవి మనం పోల్చి చూసుకుని ఏర్పరచుకున్న భావనలు. ఒకే సంగీతం దిగులుగా ఉన్నవాడికి మేలు చేయవచ్చు, ఆప్తుణ్ణి పోగొట్టుకున్నవాడికి కీడు కావచ్చు, చెవిటివాడికి రెండూ కాదు.

భారతీయ వేదాంతానికి మూలమైన బ్రహ్మసూత్రాలు లోకంలోని వైషమ్యానికి, క్రూరత్వానికి ఈశ్వరుణ్ణి బాధ్యుణ్ణి చేయవు. జీవుల కర్మను కారణంగా చూపుతాయి. మొదటి కర్మ ఎక్కడిది అంటే, సంసారం అనాది అని సమాధానం. శంకరుల అద్వైతంలో దుఃఖం వ్యవహార దశలో నిజమే, పరమార్థంలో నిలవదు. భేదమే సత్యమన్న మధ్వాచార్యులు మాత్రం కొందరు జీవుల స్వరూపమే తామసమని, వారికి ముక్తి లేదని తేల్చారు. వేదాంతంలో ఇంత కఠినమైన నిర్ణయం అరుదు.

1961లో జెరూసలేంలో నాజీ అధికారి ఐక్‌మన్ విచారణను చూసిన తత్త్వవేత్త హన్నా ఆరెంట్, 1963 నాటి పుస్తకంలో చెడుపై చర్చను ఆలోచించడం మానేసిన సాధారణ మనిషి వైపు మళ్లించింది.