నాలుక తూకం, సర్కారు లెక్క

హైదరాబాదు, బెంగళూరు మైక్రోబ్రూవరీల్లో క్రాఫ్ట్ బీరు తాగేవాళ్ళు ముందు గ్లాసెత్తి రంగు చూస్తారు, నురుగు ఎంతసేపు నిలిచిందో చూస్తారు, వాసన పట్టి, గుక్కను నాలుక మీద కాసేపు ఆపి అప్పుడు మార్కులు వేస్తారు. అమెరికాలో 1985లో పుట్టిన బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్ దీనికి పెద్ద నిబంధనావళే రాసిపెట్టింది. మొత్తం 50 మార్కుల్లో రుచికి 20, వాసనకు 12, రూపుకు 3. ఇంత తూకం మనకు కొత్తదనీ, కర్నూలు, కడప లాంటి మెట్ట జిల్లాల్లో తాగుడంటే మత్తు కోసమేననీ చాలామంది నమ్మకం. ఈ రాయలసీమ చరిత్ర ఆ నమ్మకాన్ని బలపరచదు. ఇక్కడ రుచి ఎంచే చూపు ఉండేది. దాన్ని చెరిపింది ముందు ఆబ్కారీ లెక్క, తర్వాత మద్యనిషేధం. ఒకటి తాగించి రాబడి చూసుకుంది, ఇంకోటి తాగొద్దంది. ఫలితం మాత్రం ఒక్కటే: పలచని, నిలవుండని కల్లు వెనకబడింది, ఘాటైన సారా ముందుకొచ్చింది.

ఏడాదికి 700 మిల్లీమీటర్ల అటూఇటూ వాన పడే ఈ నేలలో కల్లు చెట్టంటే ముఖ్యంగా ఈత. పెన్న, కుందూ, పాపాఘ్ని గట్ల వెంబడి, చెరువు కట్టల కింద, వంకల్లో తడి తగిలిన చోటల్లా అది దానంతటదే మొలుస్తుంది. ఈతను గీసేది మొవ్వు కింద, కాండం మీద. ఒక ఏడు ఒక వైపు చెక్కితే మరుసటేడు రెండోవైపు చెక్కుతారు. అందుకే ముదురు ఈతచెట్టు మెట్లుమెట్లుగా వంకర తిరిగి ఉంటుంది, ఆ గాట్లు లెక్కపెడితే ఎన్నేళ్ళు గీశారో తెలిసిపోతుంది. తాటి సంగతి వేరు. దాని గెలను కట్టి, నలిపి, కొనను పూటపూటా పలచగా కోస్తారు. పోతుతాడికి ఒక తీరు, పెంటితాడికి ఒక తీరు. ఈత చలికాలపు పంట, తాటి ఎండాకాలపు పంట. కుండకు సున్నం పూస్తే తియ్యటి నీరా దిగుతుంది. పూయకపోతే కుండలో మిగిలిన పాత మడ్డిలోని ఈస్టు చెట్టు మీదనే పని మొదలుపెడుతుంది. తెల్లవారుజామున తీపి, పొద్దెక్కేకొద్దీ పొంగు, మధ్యాహ్నానికి పులుపు, మర్నాటికి పుల్లటి ముక్కవాసన. ఒకే చెట్టు ఒకే రోజులో ఇన్ని పానీయాలిస్తుంది. చెట్టు, కాలం, పూట, కుండ శుభ్రం చూసి గీసే ఈడిగవాళ్ళు, తాగేవాళ్ళు కల్లును ఎంచేవారు. నురుగు చూసి నీళ్ళు కలిశాయో లేదో పోల్చుకోగలిగిన వాడిది పరీక్షకుడి నాలుకే.

నిజాం 1800లో దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాక కడప ఇంగ్లీషువాళ్ళ లెక్కల్లోకి వచ్చింది. కర్నూలు నవాబు పాలన 1839లో ముగిశాక అదీ చేరింది. కల్లు, సారా అమ్మే హక్కును మొదట గుత్తకిచ్చేవారు. ఎక్కువ పాడినవాడిదే అంగడి. గుత్తేదారు పెట్టిన డబ్బు గడువులోగా రాబట్టుకోవాలి గనుక అతనికి సరుకు గుణంతో పనిలేదు, అమ్మకంతోనే పని. 1886 మద్రాసు ఆబ్కారీ చట్టం వచ్చాక చెట్టుపన్ను పద్ధతి విస్తరించింది. గీయదలచిన ప్రతి చెట్టుకూ గుర్తు వేసి, అంకె వేసి, చెట్టుకింత అని వసూలు చేశారు. చూడటానికి ఇది న్యాయమే. కానీ ఏటిగట్టు మీద నిండుగా కారే ఈతకూ, కరువు ఏడు మెట్టనేలలో చుక్కచుక్కగా కారే ఈతకూ ఒకటే పన్నంటే నష్టం ఎవరిది? మెట్టసీమ గీతగాడిది. పన్ను గిట్టాలంటే చెట్టును విశ్రాంతి లేకుండా గీయాలి, లేదా కుండలో నీళ్ళు కలపాలి. రెండూ రుచిని తినేసేవే. అటు సారాను హైడ్రోమీటరుతో కొలిచి, ప్రూఫుకు ఇన్ని డిగ్రీలు తక్కువ అని అమ్మించారు. భూమిశిస్తు తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీకి పెద్ద రాబడి ఆబ్కారీదే. ఆ లెక్కలో పనికొచ్చేది కొలవగలిగిందీ, నిలవుండేదీ, బండి మీద దూరం పోగలిగిందీ. సారాకు ఆ మూడు గుణాలూ ఉన్నాయి. కల్లుకు ఒక్కటీ లేదు.

పన్ను వేసే ప్రతి రాజ్యమూ ఇంతే కదా అనవచ్చు. కాదు. బవేరియాలో 1516 నాటి శాసనం బీరు ధర కట్టడి చేస్తూనే, అందులో బార్లీ, హాప్స్, నీళ్ళు తప్ప మరేమీ వేయకూడదని చెప్పింది. బ్రిటన్ 1880లో మాల్టు మీది పన్ను తీసేసి, పులియకముందు ద్రవంలో ఎంత చక్కెర సాంద్రత ఉందో దాన్నిబట్టి పన్ను కట్టింది. ఘాటు పెరిగితే పన్ను పెరుగుతుంది గనుక పలచని బీరుకు బతుకు దొరికింది. బ్రస్సెల్స్ చుట్టుపక్కల గాలిలోని ఈస్టుతో పులిసే లాంబిక్ బీరు మన కల్లులాగే పుల్లగా ఉంటుంది. అక్కడ ఆ పులుపే గొప్ప. బార్లీ గింజ ఏడాదంతా నిలవుంటుంది, ఈతనీరు ఉండదు, నిజమే. అందుకే ఇక్కడి చట్టం మరింత జాగ్రత్తగా ఉండాల్సింది.

తర్వాత నిషేధం వచ్చింది. మద్రాసులో రాజాజీ మంత్రివర్గం 1937 అక్టోబరు 1న దాన్ని సేలంలో మొదలుపెట్టి, సరిగ్గా ఏడాదికి చిత్తూరు, కడప జిల్లాలకు చాపింది. తెలుగునేల మీద తొలి ప్రయోగం ఈ రెండు జిల్లాల్లోనే. పోయిన రాబడిని పూడ్చడానికి 1939లో తెచ్చిందే మద్రాసు సాధారణ అమ్మకం పన్ను చట్టం. యుద్ధకాలంలో ఆగిన నిషేధం మళ్ళీ మొదలై 1948 నాటికి ప్రెసిడెన్సీ అంతా పరుచుకుంది. గీతవాళ్ళకు నీరా, బెల్లం దారి చూపారు. కాగితం మీద బాగుంది. అయితే కిలో బెల్లానికి ఎనిమిది పది లీటర్ల నీరా మరగాలి, అంత మంటకు కట్టెలు కావాలి. కంపచెట్టు కూడా కరువైన సీమలో ఆ కట్టెలెక్కడివి? ఇంతకన్నా పెద్ద లోపం ఇంకోటుంది. నలభై అడుగుల తాటిచెట్టుకు కట్టిన కుండను దాచలేం. నల్లమలలోనో ఎర్రమలలోనో కొండవాలున పెట్టిన సారాబట్టీని దాచవచ్చు. కల్లు పూటకే చెడిపోతుంది, సారా సీసాలో పడుంటుంది. కాబట్టి నిషేధం అమలైన చోటల్లా ముందు చచ్చేది కల్లు, తర్వాత బలిసేది నాటుసారా. నిషేధించినవాళ్ళ ఉద్దేశం మంచిదే. దాని దెబ్బ మాత్రం తక్కువ హాని చేసేదాని మీద పడింది.

ఈ వైరుధ్యం బద్దలైంది కర్నూలులో. ఆంధ్రరాష్ట్ర రాజధానిగా కర్నూలు ఉన్న రోజుల్లో నిషేధం తీరును పరిశీలించడానికి ఎస్.వి. రామమూర్తి అధ్యక్షతన ఒక సంఘం వేశారు. నిషేధం విఫలమైంది, ఎత్తివేయండి అని ఆ సంఘం సిఫారసు చేసింది. గౌతు లచ్చన్న నాయకత్వంలో గీత కార్మికులు ఆందోళన చేశారు. ముఖ్యమంత్రి ప్రకాశం పంతులు రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రిగా నిషేధాన్ని దగ్గరుండి చూసినవాడు, వెనక్కి తగ్గలేదు. 1954 నవంబరు 6న అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గి ప్రభుత్వం పడిపోయింది. కల్లుకుండ కారణంగా కూలిన ప్రభుత్వం అని దాన్ని నవ్వులాటగా చెప్పుకుంటారు. అందులో నవ్వాల్సిందేమీ లేదు. ఒక వృత్తిని మొత్తంగా నేరం చేసినందుకు చెల్లించిన మూల్యం అది. అయినా ప్రభుత్వం పోయింది గానీ నిషేధం పోలేదు. ఆంధ్ర ప్రాంతంలో అది 1960ల చివరిదాకా సాగింది. అది సడలాక అంగళ్ళు తెరిచారు, వేలంపాటలు పెట్టారు. మళ్ళీ పాత గుత్త చూపే తిరిగొచ్చింది.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటుంది. కూలి డబ్బులన్నీ అంగట్లో పోసి ఇంటికొచ్చి పెళ్ళాన్ని కొట్టేవాడి ముందు రుచి గురించి మాట్లాడటం బలిసినవాళ్ళ ముచ్చట కాదా? కోపం న్యాయమైనదే. కానీ ఆ కోపం దేనిమీద రగిలిందో చూడాలి. 1980లలో ప్రభుత్వమే వారుణి వాహిని పేర సారాను పొట్లాల్లో ఊరూరికీ చేర్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై రాష్ట్రమంతా అంటుకున్న ఆడవాళ్ళ ఉద్యమం ఆ సారా మీద. 1993 అక్టోబరు 1న ప్రభుత్వం నిషేధించిందీ సారానే. అప్పటి ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డిది కర్నూలు జిల్లానే. పొట్లంలో మంచి రకం, చెడ్డ రకం లేవు, ఉన్నదల్లా మత్తు పాళ్ళే. రుచి తీసేసి మత్తును మాత్రమే అమ్మితే ఇల్లు ఏమవుతుందో ఆ ఆడవాళ్ళు అందరికన్నా ముందు చెప్పారు. కాబట్టి వాళ్ళ సాక్ష్యం ఈ వాదానికి ఎదురు కాదు, దన్ను.

మరి ఈనాటి కల్లు మాటేమిటి, అదేమైనా అమృతమా అని అడిగేవాళ్ళకూ జవాబు చెప్పాలి. కాదు. కల్లు కూడా మద్యమే, మితం తప్పితే చెరుపే చేస్తుంది. పైగా క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్ కలిపిన కల్తీకల్లు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రాణాలు తీస్తోంది. ఈ కల్తీ కల్లు స్వభావంలోంచి పుట్టింది కాదు. చెట్లు తరిగాయి, గిరాకీ తరగలేదు, నాలుకతో పోల్చుకోగలిగిన తరం పోయింది. నీళ్ళలో మందు పొడి కలిపి కల్లంటే నమ్మే స్థితి అలా వచ్చింది. రుచి తెలిసిన ఊళ్ళో ఆ సరుకు ఒక్క పూట కూడా చెల్లేది కాదు.

క్రాఫ్ట్ బీరుకు మార్కులు వేసే నగరాల అలవాటు నుంచి నేర్చుకోవాల్సింది ఆ అలవాటు వెనకున్న సూత్రాన్ని. ఏం తాగుతున్నాం, దేంతో చేశారు, ఎంత ఘాటు అని అడగడమే ఆ సూత్రం. మద్య విధానం రాసేవాళ్ళు రాయలసీమ చెప్పిన పాఠం గుర్తుపెట్టుకోవాలి. పులిసిన దాన్నీ కాచి దింపిన దాన్నీ ఒకే గాటన కట్టకండి. పన్నును ఘాటును బట్టి వేయండి. కల్లుకు వేలంపాట పెట్టకుండా, చెట్లున్న గీత కార్మికుల సొసైటీకే లైసెన్సు ఇచ్చి, కుండను పరీక్షించండి. గట్ల మీద కొట్టేసిన ఈతచెట్ల చోట మళ్ళీ ఈతలు నాటించండి.