వైల్ లూప్ కథ: తిరగడం మిషన్‌కి తెలుసు, ఆగడం మనం చెప్పాలి

వైల్ లూప్ అంటే ఏంటి అని ఏ బీటెక్ ఫస్ట్ ఇయర్ స్టూడెంట్‌ని అడిగినా, "ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయడం అన్నా" అంటారు. కరెక్టే, కానీ అది సగం జవాబు. మిగతా సగం ఏంటో వైల్ లూప్ చరిత్రలో ఉంది. ఈరోజు ఎపిసోడ్ దాని మీదే.

ముందు మన ఊరి నుంచే మొదలుపెడదాం. పుత్తూరు, నగరి వైపు ఏ వీధిలోకి వెళ్ళినా పవర్‌లూమ్ శబ్దం వినిపిస్తుంది కదా. నాడె అటు పోతుంది, ఇటు వస్తుంది. పొద్దంతా అదే పని. అయితే మధ్యలో పేక దారం తెగిందనుకోండి, మగ్గం అలాగే ఆడుతూ పోతే గుడ్డ అంతా పాడవుతుంది. అందుకే మగ్గంలో ఒక చిన్న ఇనుప ఫోర్క్ పెడతారు. దారం ఉన్నంతసేపు అది ఫోర్క్‌కి తగులుతూ ఉంటుంది. తగల్లేదంటే మగ్గం ఆగిపోతుంది. 1840ల మొదట్లో ఇంగ్లాండ్‌లోని లాంకషైర్‌లో విలియం కెన్‌వర్తీ, జేమ్స్ బుల్లో తయారుచేసిన మగ్గంలో ఈ ఏర్పాటు ఉంది. "దారం ఉన్నంతవరకు నెయ్యి." ఇదే కదా వైల్ లూప్!

దీనికి ముందు, 1804లో, ఫ్రాన్స్‌లో జకార్డ్ మగ్గం వచ్చింది. డిజైన్ అంతా చిల్లులు పెట్టిన అట్టల్లో ఉంటుంది. చివరి అట్టని మొదటి అట్టకి కలిపి కుట్టేస్తే అదే డిజైన్ మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఆ అట్టలు తిరుగుతాయి, అంతే. "ఇక చాలా?" అని అడగవు.

ఆ అట్టల ఐడియానే చార్లెస్ బాబేజ్ తన అనలిటికల్ ఇంజిన్ డిజైన్‌లోకి తెచ్చుకున్నాడు. ఒక లెక్క ఫలితాన్ని బట్టి కార్డులని వెనక్కి తిప్పే ఏర్పాటు కూడా అందులో పెట్టాడు. 1843లో ఏడా లవ్‌లేస్ ఆ మిషన్ మీద రాసిన నోట్స్‌లో, కొన్ని లెక్కల గుంపు తిరిగి తిరిగి రావడాన్ని "సైకిల్" అని పిలిచింది. మిషన్ పూర్తిగా తయారు కాలేదు. ఐడియా మాత్రం మిగిలింది.

ఇప్పుడు మళ్ళీ మన జిల్లాకి వద్దాం. శ్రీకాళహస్తి దగ్గర కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నాయన, 1960 ప్రాంతంలో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో చదివేటప్పుడు వాడిన కంప్యూటర్ పేరు డ్యూస్. అందులో వైల్ అనే మాటే లేదు. ప్రతి ఆర్డర్‌లోనూ తర్వాతి ఆర్డర్ ఎక్కడుందో మనమే రాయాలి. లూప్ కావాలంటే పాత ఆర్డర్ అడ్రస్ ఇచ్చి వెనక్కి పంపాలి. తర్వాత వచ్చిన భాషల్లో ఆ పని "గో టు" చేసేది. ప్రోగ్రామ్ పెద్దదయ్యే కొద్దీ ఎక్కడి నుంచి ఎక్కడికి దూకుతుందో రాసినవాళ్ళకే అర్థమయ్యేది కాదు.

1966లో బోమ్, జాకోపీని అనే ఇద్దరు ఇటలీ సైంటిస్టులు, వరసగా చేయడం, షరతుని బట్టి దారి ఎంచుకోవడం, షరతు ఉన్నంతవరకు తిరగడం, ఈ మూడూ ఉంటే ఏ ప్రోగ్రామ్ అయినా రాయొచ్చని నిరూపించారు. 1968 మార్చిలో డైక్‌స్ట్రా "గో టు" ప్రమాదకరమని రాసిన లెటర్ అచ్చయింది. ఆ లెటర్‌కి హెడ్డింగ్ పెట్టిన ఎడిటర్ నిక్లాస్ వర్త్. 1970లో ఆయనే పాస్కల్ భాష తెచ్చాడు, అందులో వైల్ ఉంది. తర్వాత సి, జావా, పైథాన్ అన్నిట్లోనూ అదే మాట. గో టు లో ఎక్కడికి దూకాలో రాస్తాం. వైల్‌లో ఎంతవరకు తిరగాలో ముందే, మొదటి లైన్లోనే రాస్తాం. అసలు తేడా అదే.

ఆ లైన్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండొచ్చా? కుదరదు. 2008 డిసెంబర్ 31న మైక్రోసాఫ్ట్ వాళ్ళ జూన్ మ్యూజిక్ ప్లేయర్లలో 30 జీబీ మోడల్ ఫ్రీజ్ అయిపోయింది. కారణం ఒక వైల్ లూప్! రోజుల లెక్క 365 కన్నా ఎక్కువ ఉన్నంతవరకు తిరగమని షరతు. లోపల, లీప్ ఇయర్ అయితే 366 దాటినప్పుడే తీసేయమని ఇంకో షరతు. 2008 లీప్ ఇయర్. ఆరోజు సరిగ్గా 366వ రోజు. బయటి షరతు "తిరుగు" అంటోంది, లోపల ఏమీ తగ్గట్లేదు. లూప్ ఎప్పటికీ ఆగదు. మర్నాటికి తేదీ మారింది, బ్యాటరీ అయిపోయి మళ్ళీ ఆన్ చేసినవాళ్ళకి అది పనిచేసింది.

కాబట్టి వైల్ రాసే ప్రతిసారీ మూడు ప్రశ్నలు వేసుకోండి. మొదలయ్యేటప్పుడు షరతులోని విలువ ఎంత? ప్రతి తిప్పులోనూ, ఏ దారిలో వెళ్ళినా, ఆ విలువ మారుతోందా? ఆ మార్పు ఆగే వైపుకే పోతోందా? జూన్ రెండో ప్రశ్న దగ్గర ఇరుక్కుంది. ఇంకొకటి గుర్తుపెట్టుకోండి: షరతుని చూసేది తిప్పు మొదట్లో మాత్రమే. మధ్యలో మారినా, ఆ తిప్పు పూర్తయ్యాకే ఆగుతుంది.

"ఇప్పుడు కోడ్ ఏఐ రాస్తుంది కదా అన్నా, మాకెందుకు?" అంటారా? ఏ ప్రోగ్రామ్ ఇచ్చినా అది ఆగుతుందా లేదా అని ముందే చెప్పేసే ఒకే పద్ధతి ఉండదని 1936లో అలన్ ట్యూరింగ్ చేసిన పనిలోనే తేలిపోయింది. ఏఐకి కూడా ఆ గీత దాటే దారి లేదు. దాని కోడ్ మీ పేరు మీద ప్రాజెక్ట్‌లోకి వెళ్తే, పండగ రోజు రాత్రి ఫోన్ వచ్చేది మీకే. నడుస్తున్న మగ్గం పక్కన నేతగాడు ఎందుకు నిలబడతాడో, మీరూ అందుకే నిలబడాలి.

ఈ రాత్రి ఒక పని చేయండి. మీరు రాసిన పాత వైల్ లూప్ ఒకటి తీసి, దాని షరతుని తెలుగులో ఒక్క వాక్యంగా కామెంట్లో పెట్టండి. "ఇది ఉన్నంతవరకు" అని మొదలుపెట్టండి చాలు. మిగతాది నెక్స్ట్ ఎపిసోడ్‌లో చూద్దాం. ఉంటాను మరి.